రాజమణక్క సైన్సు అట్టలు

మా ఇంటి ఓనరు రాజమణక్క ఒక ఎండాకాలమంతా అన్నం వారుస్తూ న్యూటన్ మూడో నియమం చెప్పింది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుందని గంజికి నచ్చజెప్పి, గిన్నె దించి, పొయ్యి పక్కన వేలాడే అట్టను ముందుకు తిప్పేది. తర్వాతి అట్ట మీద విద్యుత్ నిరోధానికి ప్రమాణం ఏమిటని ఉండేది. ఓమ్ అని జవాబు చెప్పి పప్పుకు పోపు పెట్టేది.

నల్లగొండలో పానగల్ పోయే దారిలో వాళ్ల ఇల్లు. వెనక రేకుల షెడ్డులో గుంత మగ్గం, దాని మీద రాజమణక్క భర్త జానయ్యన్న. ముందు రెండు గదులు మాకు కిరాయికిచ్చారు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నా భార్య నవనీత పెద్ద దవాఖానలో నర్సు. అప్పటికి మా పాప మనస్వికి రెండేళ్లు దాటాయి, మాటలు మాత్రం రాలేదు. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్ల తర్వాతి సంగతి ఇది.

రాజమణక్క పుట్టింది చండూరు దగ్గర ఒక పద్మశాలి ఇంట్లో. ఏడో తరగతి దాకా చదివాక ఇంట్లో నూలు కండెలు చుట్టే మనిషి తక్కువై బడి బంద్ అయింది. నూలు కట్టల మీద చుట్టి వచ్చే పాత పేపరు ముక్కలన్నీ చదివేదట. సగం వార్త ఒక కట్టకు, మిగతా సగం ఇంకెవరి ఇంటికో పోయిన కట్టకు ఉండేది. "ఓ పులి ఊర్లకొచ్చిందని చదివిన సారూ. దొరికిందో లేదో ఇప్పటికీ తెల్వదు" అని నవ్వేది. పెళ్లయి జానయ్యన్న ఇంటికి వచ్చింది. ఇక్కడా కండెలే. కూతురు రోజారమణిని చదివించి కట్టంగూర్‌లో పెళ్లి చేసింది. ఆ తర్వాత మా వీధి చివర అంగన్‌వాడీలో హెల్పరుగా చేరింది. అందరూ ఆయమ్మ అంటారు. పొద్దున్నే ఇంటింటికీ పోయి పిల్లలను తీసుకురావడం, అన్నం వండటం, గుడ్లు ఉడకబెట్టడం, ముక్కులు తుడవడం ఆమె పని. ఏ పిల్లవాడు గుడ్డులో తెల్లది మాత్రమే తింటాడో, పచ్చది ఎవరి జేబులో దాస్తాడో ఆమెకు తెలుసు.

అక్కడి టీచరు నిర్మలమ్మ మీటింగులకు పోయిన రోజుల్లో పాటలు, అంకెలు, రంగులు అన్నీ రాజమణక్కే చెప్పేది. అందుకే పిల్లలు ఆమెనూ టీచర్ అనేవాళ్లు. ఒకరోజు ఒక పిల్లవాడు గేటు దగ్గర "టీచర్, టాటా" అని చెయ్యి ఊపితే, వాళ్లమ్మ వాడి చెయ్యి దించి, "టీచర్ కాదురా, ఆయమ్మ" అంది. ఆమె చెడ్డగా అనలేదు. ఉన్న మాటే అంది. కానీ ఆ మాట రాజమణక్క మనసులోంచి పోలేదు. మా నవనీతకు రెండుసార్లు చెప్పింది, నాకు ఒకసారి.

మోకాళ్ల నొప్పులతో నిర్మలమ్మ ఆ ఏడాదితో మానేస్తున్నట్టు అప్పుడే తెలిసింది. అంగన్‌వాడీని చూడటానికి వచ్చిన సూపర్‌వైజర్ మేడమ్, పది పాసైతే హెల్పరునే టీచరుగా తీసుకునే వీలుందని చెప్పి పోయింది. రాజమణక్క ఓపెన్ స్కూల్లో పదికి అంతకుముందే ఫీజు కట్టింది. తెలుగు, సోషల్ అన్నీ అయిపోయాయి. ఒక్క సైన్సు మిగిలింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది.

"అన్నీ మింగిన సారూ. గా సైన్సే గొంతుల ఎముక లెక్క అడ్డం పడ్డది. గీ ఎండాకాలం పోయిందంటే ఇంకెవలో వచ్చి కుర్చీల కూసుంటరు. నేను మల్ల గుడ్లు లెక్కవెట్టుకుంట ఉండాలె."

ఆ రోజుల్లోనే నేను మనస్వి కోసం ఫ్లాష్ కార్డులు తెప్పించాను. మా కాలేజీలో ఒకాయన కొడుకు రెండేళ్లకే గ్రహాల పేర్లు చెబుతున్నాడని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. రంగుల పెట్టెలో జంతువులు, పండ్లు, వాహనాలు. ముందు బొమ్మ, వెనక పేరు. ప్రతి సాయంత్రం పాప ముందు కూర్చుని ఏనుగు కార్డు ఎత్తి "ఏనుగు" అనేవాణ్ని. పాప నా ముఖం చూసేది, కార్డు చూసేది, కార్డు లాక్కుని మూల కొరికేది. ఆ రంగులో సీసం ఉందేమోనని నాకు ఇంకో భయం.

"ఏనుగును తింటాంది. ఇష్టపడ్డట్టే గదా" అంది నవనీత.

"మాట్లాడుతలేదు నవనీతా."

"మాట్లాడుతది. ముందు నువ్వు జర ఊకో. నువ్వు ఊకుంటే గదా దానికి సందు దొరికేది."

రాజమణక్క గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదంతా చూసేది. ఒకరోజు "గివి పిల్లకు తెచ్చినవా, నీకు తెచ్చుకున్నవా సారూ?" అని అడిగింది.

ఆమెకు కార్డుల సంగతి చెప్పాను. పుస్తకం చదువుతుంటే జవాబు కళ్ల ముందే ఉంటుంది, అందుకే వచ్చినట్టు అనిపిస్తుంది. కార్డు మీద ప్రశ్న మాత్రమే కనిపిస్తుంది. జవాబు మన బుర్రలోంచి లాగాలి. లాగాకే వెనక్కి తిప్పి చూసుకోవాలి. అట్లా లాగిన ప్రతిసారీ అది గట్టిపడుతుంది.

"అంటే మర్చిపోయింది ఎప్పటికప్పుడు తెలుస్తది."

"అవునక్కా."

"గిది చిన్న పిల్లలకేనా, నాలాంటి ముసలి పిల్లలకు సుత పని చేస్తదా?"

"మీకే బాగా పని చేస్తది" అన్నాను. నా మాటల్లో నిజమైన జోస్యం అదొక్కటే. అది కూడా తిన్నగా నిజం కాలేదు.

వారం తిరక్కుండా రాజమణక్క తన కార్డులు తయారుచేసుకుంది. అట్టల కోసం ఎక్కడికీ పోలేదు. జానయ్యన్న షెడ్డులో ఒక గోనెసంచి నిండా పాత జాకార్డు అట్టలున్నాయి. చీర అంచులో పువ్వులు, పిందెలు నేయడానికి మగ్గం పైన ఉండే జాకార్డుకు తగిలించే తూట్ల అట్టలు అవి. ఒక్కో అట్టకు కొన్ని తూట్లు. ఏ తూటు ఎక్కడుంటే ఆ పోగు లేస్తుంది. అట్టలన్నీ దారంతో వరుసగా కుట్టి గొలుసులా వేలాడదీస్తారు. ఒక్కో అట్ట తిరిగినకొద్దీ పువ్వు ఒక్కో గీత పెరుగుతుంది. సంచిలోవి మామిడి పిందెల అంచువి. ఆ డిజైన్ ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. రాజమణక్క వాటిని సగానికి కోసి, తూట్లు లేని చోట స్కెచ్ పెన్నుతో ప్రశ్న, వెనక జవాబు రాసింది.

ముచ్చటగా ఉన్నాయి. కాకపోతే ఇల్లంతా అట్టలే. బియ్యం డబ్బా మీద అట్టలు, మంచం కింద అట్టలు. జానయ్యన్నకు అది నచ్చలేదు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి, కానీ విడి అట్టను చూస్తే ఆయనకు చెయ్యి దురద పెడుతుంది. ఆదివారం రాజమణక్క సంతకు పోయి వచ్చేసరికి పాఠాల వరుసలో అట్టలన్నీ పేర్చి, కొత్త తూట్లు పొడిచి, పాత పద్ధతిలో గట్టి దారంతో గొలుసు కుట్టి, పొయ్యి పక్కన కర్ర దూలానికి వేలాడదీశాడు. ఒక అట్ట చదవగానే తిప్పితే రెండోది వస్తుంది. చేతికి మసి ఉన్నా మోచేత్తో తిప్పొచ్చు.

"ఏందయ్యా ఇది!" అని రాజమణక్క సంచి కింద పెట్టకుండానే నిలబడిపోయింది.

"గట్ల పారేస్తే వరుస పోతది" అని ఆయన మగ్గం ఎక్కాడు. తన చదువు కోసం ఆయన ఇంత పని చేయడం ఆమె అంతవరకు చూడలేదు. ఆ సాయంత్రం మాకు బూరెలు వచ్చాయి.

అప్పుడు మొదలైంది గంజికి న్యూటన్ పాఠం. నెల తిరిగేసరికి మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఎక్కడా ఆగకుండా చెప్పేది. వెనక్కి తిప్పి చూసే పనే లేదు. నేను కాలేజీలో కూడా చెప్పుకున్నాను, మా ఓనరమ్మకు ఫ్లాష్ కార్డులు నేర్పానని.

పరీక్ష ఇంకో నెల ఉందనగా పాత ప్రశ్నపత్రం ఒకటి తెచ్చి, "అక్కా, ఒకసారి రాద్దాం" అన్నాను. మా వరండాలో స్టూలు వేసి కూర్చోబెట్టాను. మొదటి ప్రశ్న చకచకా రాసింది. రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఏమైందక్కా? రావట్లేదా?"

"వస్తాంది సారూ. జర ఆగు. ఇప్పుడే మొక్కల కాడికొచ్చిన."

కాసేపటికి జవాబు రాసింది. మూడో ప్రశ్నకు మళ్లీ పెదవులు కదిలాయి. అప్పుడు గమనించాను. ప్రతి ప్రశ్నకూ మొదటి అట్ట నుంచి బయల్దేరుతోంది. న్యూటన్ దగ్గర ఎక్కి, ఓమ్ దాటి, ఆమ్లాలు, క్షారాలు, మొక్కలు అన్నీ దాటుకుని విటమిన్ల దగ్గర దిగుతోంది. పల్లెవెలుగు బస్సులా ప్రతి స్టేజీలో ఆగుతోంది. పెట్టుకున్న టైము అయిపోయేసరికి సగం పేపరు తెల్లగా ఉంది. నేను ఎంత మెత్తగా దిద్దినా పాస్ మార్కులు రాలేదు.

రాజమణక్క పేపరును నాలుగు మడతలు పెట్టి కొంగులో దోపుకుంది. ముఖంలో నవ్వు లేదు.

"నాకు రాక కాదు గదా సారూ. అన్నీ వచ్చు. వరుస అందుకుంటేనే వస్తయి." కొంగు సర్దుకుంటూ, "పోయిన రెండుసార్లు సుత గిట్లనే అయినట్టున్నది. గైడు పుస్తకం వరుసల చదివిన. ఆడ కూసుంటే ఎక్కడెక్కడియో అడిగిండ్రు" అంది.

తప్పు ఎక్కడుందో తెలిసింది. విడివిడిగా ఉండటమే ఫ్లాష్ కార్డు బలం. ఏది ముందు వస్తుందో తెలియకూడదు. అట్టలు విప్పేసి, రోజూ పేక పత్తాల్లా కలిపి చదవాలని చెప్పాను. మగ్గం చప్పుడు ఆగిపోయింది. జానయ్యన్న షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు.

"అట్టలు కలుపుతరా సారూ? ఏం మాటలు మాట్లాడుతున్నవ్? చదువుకున్నోనివి."

"అన్నా, ఇవి చదువు అట్టలు..."

"ఏ అట్టలైతేంది? అట్టంటే వరుసనే. నాకు కొత్తగ లగ్గమైన యాడాది ఒక్క అట్ట ఊడి కింద పడ్డది. తీసి పక్క సందుల కుట్టిన. తెల్లారి చూస్తే అంచుల హంసలకు తోక ముందలొచ్చి తలకాయ ఎనకొచ్చింది. సావుకారి ఆ చీరెను నెల దినాలు అరుగు మీద ఆరేసిండు. ఊరంత వచ్చి చూసిపోయింది."

"నేను సుత చూసిన" అంది రాజమణక్క. "మస్తు నవ్విన."

"నవ్వుతవ్. నీదేం పోయింది?"

"ఓ అయ్యా, దసరాకు పత్తాలు ముందలేసుకుని తెల్లారిందాక కలుపుతవ్ గదా. అప్పుడు ఏడబోతది నీ వరుస?"

"పత్తాలకు పువ్వు రాదు గదనే!"

"నాకు సుత పువ్వులు వద్దు. సర్టిఫికెట్ వస్తె చాలు."

రాజమణక్క లోపలికి పోయి కత్తెర తెచ్చి గొలుసు మొదటి కుట్టు మీద పెట్టింది. అంతలో జానయ్యన్న వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "కొయ్యకు. కట్టింది నేను, విప్పేది నేనే" అన్నాడు. నేల మీద కూర్చుని, ఒక్కో ముడి గోటితో వదులు చేసి, దారం తెగకుండా మొత్తం విప్పాడు. ఆ దారాన్ని వేలికి చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అట్టలు కలపమని నాకిచ్చి, తాను అటువైపు చూడకుండా చాయ్ తాగడానికి బయటికి పోయాడు.

రెండు రోజుల తర్వాత నేనే అడిగాను. బాగా కలిపిన అట్టల్లోంచి ఒకటి ఎత్తాను. నేను నోరు తెరవకముందే "స్కర్వీ" అంది. ఇంకొకటి. "నీలి లిట్మస్ ఎర్రగైతది." ఇంకొకటి. "అయోడిన్." నేను ఆనందం పట్టలేకపోయాను. తర్వాత చేతిలోని అట్ట చూసుకున్నాను. తలకిందులుగా పట్టుకున్నాను. ఆమె కూర్చున్న చోటి నుంచి ఆ అక్షరాలు చదవడం ఎవరి వల్లా కాదు.

"అక్కా, ప్రశ్న చదివారా?"

"చదువుడెందుకు సారూ? గిది పిందె తోక మొదలయ్యే అట్ట. దీని ఎనక అయోడినే ఉన్నది."

"తూట్లు చూసి చెబుతున్నారా!"

"కావాలని చూస్తనా? కండ్లకు అవే పడతయి. చిన్నప్పటి సంది చూసినయే నాయె."

షెడ్డులోంచి జానయ్యన్న నవ్వు వినిపించింది. ఆయన అంత గట్టిగా నవ్వగలడని నాకు తెలియదు. "పరీక్ష పేపరుకు తూట్లుంటయా రాజమణీ? ముందుగాల పోయి అడిగిరా!"

"నవ్వు, బాగ నవ్వు" అని రాజమణక్క అట్టలన్నీ ఎత్తుకుపోయి ఆయన ఒళ్లో పోసింది. "అట్ట నా కండ్లకు కనిపించొద్దు. నువ్వు చదువు, నేను చెప్త."

"నేనా? నాలుగో తరగతికే పంతులును చూసి గోడ దుంకినోన్ని."

"దుంకినకాడికి చాలు. అక్షరాలు వస్తయి గదా."

నేను కొత్త తెల్ల కార్డులు తెచ్చిస్తానని చెప్పబోయాను. చెప్పలేదు. ఆయన అప్పటికే మొదటి అట్టను ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూస్తున్నాడు. రాజమణక్క మళ్లీ వంటింట్లోకి పోయింది. మధ్యలో గోడ ఉంది. అది చాలు.

ఆ రోజు నుంచి మా ఇంటి వెనక వేరే పాట మొదలైంది. పోగు మోసే నాడె అటూ ఇటూ నాలుగుసార్లు తిరుగుతుంది, మగ్గం ఆగుతుంది, జానయ్యన్న ఒక అట్ట ఎత్తి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. "కణ... ములో... శక్తిని... తయారు జేసే... భాగ... మేది?" గోడ అవతలి నుంచి రాజమణక్క కేక వేస్తుంది. "మైటోకాండ్రియా!" ఆయన వెనక్కి తిప్పి, వేలు పెట్టి చూసి, "ఆ, గదే" అంటాడు. మళ్లీ నాడె. పక్కన రెండు కండెల బుట్టలు పెట్టమన్నాను. జవాబు వచ్చినవి ఒక బుట్టలో, రానివి ఇంకో బుట్టలో. రానివి రోజూ చదవాలి, వచ్చినవి రెండు మూడు రోజులకొకసారి చదివితే చాలు. మర్చిపోబోయే ముందు గుర్తు చేసుకుంటే బాగా నిలుస్తుందని చెప్పాను. జానయ్యన్న బుట్టల విషయంలో కఠినంగా ఉండేవాడు. సగం జవాబుకు రానివాటి బుట్టే.

"చెప్పిన గదయ్యా!"

"మొదలు చెప్పినవ్. కొస చెప్పలే. సగం నేసిన చీరె ఎవడు కొంటడు?"

ఒక పొద్దున "గాయిటర్!" అన్న కేక రోడ్డు దాకా వినిపించి, ఎదురింటి సైదమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఎవలకమ్మా? జానయ్యకా? దవాఖానకు తీస్కపోయిండ్రా?" అని ఆయన గొంతు తడిమి చూసింది. సంగతి తెలిశాక అరుగు మీద కూర్చుని తనకూ పది అట్టలు చదివించుకుంది.

మనస్వి ఈ గొడవంతా మగ్గం పక్కన కూర్చుని చూసేది. ఖాళీ కండెలు దానికి ఆట వస్తువులు. నా రంగుల కార్డుల పెట్టె అటక ఎక్కింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పాప ఎప్పుడూ ఆ నేల మీదే ఉండేది. ఒక సాయంత్రం దాన్ని తీసుకురావడానికి వెళ్లాను. జానయ్యన్న "ఏది... లోపిస్తే... గాయిటర్... వచ్చును?" అని చదివాడు. వంటింట్లో పాలు పొంగాయి. రాజమణక్క అటు పరుగెత్తింది. జవాబు లేదు. ఆయన అట్ట పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"అయోయిన్" అన్నది మనస్వి.

జానయ్యన్న కింద చూశాడు. నేను గుమ్మంలో ఆగిపోయాను. రాజమణక్క మసిగుడ్డ చేతిలో పట్టుకుని వచ్చింది. ముగ్గురం చూస్తుంటే మనస్వి కండెను నేలకు కొట్టి, మేము వినలేదేమో అన్నట్టు మరోసారి గట్టిగా చెప్పింది. జానయ్యన్న అట్ట తిప్పి, వేలు పెట్టి చూసి, "ఆ, గదే" అని వచ్చినవాటి బుట్టలో వేశాడు.

నేను నవనీతకు ఫోన్ చేశాను. "పాప మాట్లాడింది!"

"ఏమన్నది? అమ్మ అన్నదా? ఏనుగు అన్నదా?"

"అయోడిన్ అన్నది."

"నీ బిడ్డే, అనుమానం లేదు" అని పెట్టేసింది. ఆ రాత్రి భోజనం దగ్గర పాపకు ఆ ఒక్క మాటే ఇరవైసార్లు చెప్పించుకుని, చివరికి కళ్లు తుడుచుకుంది.

పరీక్ష రోజు జానయ్యన్న టీవీఎస్ మీద రాజమణక్కను సెంటరుకు తీసుకుపోయాడు. నేను కాలేజీ నుంచి అటే వెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. చేతిలో అట్టల సంచి.

"చివర్ల చూస్తదేమోనని తెచ్చిన. వద్దు, చూస్తే వరుస వస్తదన్నది" అన్నాడు. తర్వాత తనలో తాను అన్నట్టు, "రానియి బుట్టల ఏడే మిగిలినయి. గా ఏడే అడుగుతడేమో సారూ" అన్నాడు. నాకు తోచిన ధైర్యం ఏదో చెప్పాను.

గంట కొట్టాక రాజమణక్క గుంపులోంచి బయటికి వచ్చింది. చాలామంది ఆమె బిడ్డ వయసు వాళ్లు.

"ఎట్లుండె?" అన్నాడు జానయ్యన్న.

"పేపరు ముందల వెట్టుకుంటే నా నోట్లె నీ గొంతే వచ్చిందయ్యా. నువ్వు ఆగేకాడ ఆగి, నువ్వు లాగేకాడ లాగి చదివిన. పక్కనున్న పిల్ల నా దిక్కే చూస్తాంది."

"రాసినవా మరి?"

"గంట కొట్టకముందే అయిపోయింది. మల్ల ఒకసారి అంత చూసుకున్న."

ఫలితాలు వచ్చిన రోజు నా ఫోన్లోనే చూశాం. నెట్ తిరుగుతూనే ఉంది. రాజమణక్క పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు, మాకు వీపు పెట్టి కూరలో గరిటె తిప్పుతోంది. పేజీ తెరుచుకుంది.

"అక్కా, పాస్. సైన్సులో యాభై ఆరు."

గరిటె ఆగింది. "ఇంకోపాలి చూడు సారూ. రాజమణులు మస్తుమంది ఉంటరు."

హాల్‌టికెట్ నంబరు ఒక్కో అంకె చదివి చూపించాను. ఆమె వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోన్ తీసుకుని తన పేరు మీద వేలు పెట్టింది. వేలు తగిలి పేజీ పెద్దదై పేరు తెర నిండా పరుచుకుంది. రోజారమణికి ఫోన్ కలిపితే మాట్లాడలేక నా చేతికిచ్చింది. వాన కాలం మధ్యలో టీచరు పోస్టు కాగితం కూడా వచ్చింది. ఇప్పుడు ఆ గేటు దగ్గర "టీచర్, టాటా" అంటే చెయ్యి దించే తల్లి ఎవరూ లేరు. మనస్వి అక్కడే అక్షరాలు నేర్చుకుంది.

ఫలితాల సాయంత్రం మాత్రం ఇంకో పని జరిగింది. జానయ్యన్న మగ్గం దిగి, రెండు బుట్టలూ నడింట్లో కుమ్మరించాడు. చొక్కా జేబులోంచి దారం చుట్ట తీశాడు.

"ఇగ వరుసల పెట్టు" అన్నాడు.

రాజమణక్క నవ్వింది. "ఇంకెందుకయ్యా? సంచిల పడెయ్."

"ముందుగాల పెట్టు."

ఆమె పాఠాల వరుసలో పేరుస్తుంటే ఆయన కుట్టుకుంటూ పోయాడు. పూర్తయిన డిజైన్ల అట్టలను నేతగాళ్లు అట్లాగే కుట్టి, గోడకు మేకు కొట్టి తగిలించి పెట్టుకుంటారు. విటమిన్ల దగ్గరికి వచ్చేసరికి ఒక అట్ట తక్కువైంది. అయోడిన్ అట్ట. అది మనస్వి దిండు కింద దొరికింది. మూలలు నానిపోయి, రాత అలుక్కుపోయింది. జానయ్యన్న అడిగితే పాప రెండు చేతులతో పొట్టకు ఒత్తుకుని, "నాది" అన్నది. అది దాని రెండో మాట.

"ఉండనియ్యి తియ్యి, పిల్లది" అంది రాజమణక్క. "దాన్ని ఇడిసిపెట్టి కుట్టు."

ఆయన లేచి షెడ్డులోకి పోయాడు. కొత్త అట్ట ముక్క కోసుకొచ్చాడు. మేకు, చిన్న సుత్తి తీసుకుని, దేన్నీ చూడకుండా, పిందె తోక మొదలయ్యే తూట్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టాడు. ఊది పొడి దులిపి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాడు.

"రాయి."

"పరీక్ష అయిపాయె గదయ్యా!"

"పరీక్ష నీది. వరుస నాది. రాయి."

రాజమణక్క అట్టను ఒళ్లో పెట్టుకుని, తూట్లు లేని జాగా చూసి రాయడం మొదలుపెట్టింది.